టీవీ పాటల పోటీలో గెలిస్తే జీవితం మారుతుందా? ఒంగోలు ఆర్కెస్ట్రా వాడి జవాబు

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయికి పదమూడేళ్ళు. స్కూల్లో, గుళ్ళో బాగా పాడుతుంది. టీవీ పోటీలకి పంపించమని చుట్టాలందరూ అంటున్నారు. మనలాంటి ఊళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళని పైకి రానిస్తారా? గెలిస్తే నిజంగా జీవితం మారుతుందా? చదువు పాడవుతుందేమోనని మా ఆవిడకి టెన్షన్.

జవాబు:

నేను ఒంగోల్లో పాటకచేరీల్లో కీబోర్డు వాయిస్తాను. పగలు ఫోటో ఫ్రేముల షాపు, సీజన్లో రాత్రుళ్ళు ఆర్కెస్ట్రా. టీవీ పోటీలకి వెళ్ళొచ్చిన పిల్లలు చాలామంది మా పార్టీతో పాడారు. పైదాకా వెళ్ళినవాళ్ళూ ఉన్నారు, రెండో మూడో రౌండులోనే తిరిగొచ్చినవాళ్ళూ ఉన్నారు. టీవీ వాళ్ళు చూపించనిదీ, ఆ తర్వాత జరిగేదీ నాకు కొంత తెలుసు కాబట్టి దాని గురించే రాస్తాను.

ఊరి సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్న విషయం. మన అద్దంకిలో పుట్టిన శ్రీరామచంద్ర 2010 ఆగస్టు 15న హిందీ ఇండియన్ ఐడల్ అయిదో సీజన్ గెలిచాడు. దక్షిణాది నుంచి ఆ టైటిల్ కొట్టినవాళ్ళలో అతనే మొదటివాడు. అంతకుముందు 2006లో అదే షోలో మన తెలుగబ్బాయి కారుణ్య రెండో స్థానం దాకా వెళ్ళి ఆగిపోయాడు. 2022లో ఆహా ఓటీటీలో తెలుగు ఇండియన్ ఐడల్ మొదటి సీజన్ వస్తే, గెలిచింది నెల్లూరమ్మాయి వాగ్దేవి. ఆ షో నడిపించింది ఎవరనుకున్నారు? మళ్ళీ మన శ్రీరామచంద్రే. యాంకర్ అద్దంకి, విన్నర్ నెల్లూరు. ఇంకేం కావాలి మనకి! శ్రీరామచంద్ర పెరిగింది హైదరాబాదులో అని ఎవరైనా అంటారు, నిజమే. కానీ ఒంగోల్లో ఎవరూ ఒప్పుకోరు. ఆ 2010లో మా వీధి చివర సెల్ రీఛార్జి షాపులో కుర్రాళ్ళు కూర్చుని వరసపెట్టి ఓట్ల మెసేజ్‌లు పంపడం నాకు గుర్తుంది. ఆ మెసేజ్‌లకి మామూలు కంటే ఎక్కువ ఛార్జీ. హిందీ ముక్క రానివాళ్ళు కూడా ఆ షో చూశారు.

టీవీ లేని రోజుల్లో కూడా పోటీలే దారి చూపించాయి. బాలుగారు నెల్లూరు తిప్పరాజువారి వీధి ఇంట్లో పెరిగారు, తండ్రి సాంబమూర్తిగారు హరికథలు చెప్పేవారు. గూడూరులో ఒక పోటీలో పాడితే, అక్కడికి వచ్చిన జానకిగారు విని, నువ్వు సినిమాల్లో ప్రయత్నించు అన్నారని బాలుగారు చాలాసార్లు చెప్పుకున్నారు. 1966లో సంగీత దర్శకుడు కోదండపాణిగారు మొదటి పాట పాడించారు. అదే బాలుగారు ముప్ఫై ఏళ్ళ తర్వాత, 1996లో, ఈటీవీలో పాడుతా తీయగా మొదలుపెట్టారు. ఆ షోలో పిల్లలు పాట ఎత్తుకునే ముందు రాసిందెవరు, బాణీ కట్టిందెవరు, పాడిందెవరు చెప్పాలి. అది అలంకారం కోసం పెట్టిన పద్ధతి కాదని నా అభిప్రాయం. ఆ షో నుంచి వచ్చిన పిల్లలతో వాయించేటప్పుడు నాకు పని సులువుగా ఉండేది. పాట పేరు చెప్పగానే ఏ సినిమా, ఏ వెర్షన్, ఏ చరణం ముందు అనే గొడవ ఉండదు.

ఇక మీ అసలు ప్రశ్న. జీవితం మారుతుందా అంటే, షో నడిచేటప్పుడు మారుతుంది, ఆ తర్వాత ఏడాదీ కాస్త మారినట్టే ఉంటుంది. ఆ పైన మీ అమ్మాయి స్టేజీ మీద ఎలా నిలబడుతుందో దాన్ని బట్టి ఉంటుంది. టీవీలో పాడటం, జనం ముందు పాడటం రెండూ ఒకటి కాదు.

టీవీలో ఒక్క పాట. అది కూడా రెండు మూడు నిమిషాలకి కత్తిరించిన పాట. దాన్ని వారమంతా ఒకరు కూర్చోబెట్టి నేర్పిస్తారు, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో గుర్తు పెట్టిస్తారు. వాయిద్యాలు ఆ అమ్మాయి శ్రుతికి, అంటే తన గొంతుకి హాయిగా ఉండే స్థాయికి, సరిపడా ముందే సర్దుకుని ఉంటాయి. చెవిలో మానిటర్ ఉంటుంది, తన గొంతు తనకి శుభ్రంగా వినిపిస్తుంది. మైకు మంచిది, గది ఏసీ.

మా దగ్గరేమో అద్దంకి పక్కన సింగరకొండ తిరునాళ్ళ. చూసే ఉంటారు. ఒక్కో ఊరి వాళ్ళు కరెంటు ప్రభ, అంటే లైట్లతో అలంకరించిన ఎత్తైన కట్టడం, కట్టుకొస్తారు, ప్రభ ముందు స్టేజీ, పక్కన జనరేటరు. మన పక్కనే ఇంకో ఊరి ప్రభ, వాళ్ళ స్టేజీ మీద ఇంకో ఆర్కెస్ట్రా. వాళ్ళ సౌండు బాక్సులు మన వైపే తిప్పి ఉంటాయి, మనవి వాళ్ళ వైపు. పోటీ మీద పెంచుకుంటూ పోతారు. నా కీబోర్డు నాకే వినపడదు. అలాంటి చోట ఒక ఏడాది, టీవీలో బాగా పేరొచ్చిన అమ్మాయిని కమిటీ వాళ్ళు పిలిపించారు. ఫ్లెక్సీలో ఆమె ఫోటో మా అందరికంటే పెద్దది. పల్లవి పాడింది, ఆపేసింది. సౌండు మనిషిని పిలిచి మానిటర్ పెంచమంది. అతను పెంచాడు. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ ఆపింది. పక్క ప్రభ వాళ్ళేమో తీన్‌మార్ కొడుతున్నారు. కింద నుంచి ఒక పెద్దాయన, "ఏందబ్బయా, పాపకి పాట రాదా ఏంది" అని అరిచాడు. పాట రాకేం, చక్కగా వచ్చు. కానీ శ్రుతి వినపడకుండా పాడటం ఆమెకి ఎవరూ నేర్పలేదు. స్టూడియోలో ఆ అవసరమే రాదు కదా.

అదే రాత్రి రెండో గాయని, పోటీలో ఎక్కువ దూరం వెళ్ళని అమ్మాయి, ఒక చెవి వేలితో మూసుకుని, నా పక్కకి జరిగి నిలబడి, నా కుడిచెయ్యి చూస్తూ పాడింది. తెల్లవారుజాము దాకా లాగింది. మరుసటి ఏడు కమిటీ వాళ్ళు ఆమెనే అడిగారు, ఫ్లెక్సీ మీదమ్మాయిని అడగలేదు.

ఆ అమ్మాయి దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. పాత పాటలు, కొత్త పాటలు, భక్తి పాటలు, ఒక్కోదానికి తన శ్రుతి పక్కనే రాసుకునేది. ఇది ఎందుకు ముఖ్యమో చెబుతాను. మామూలుగా ఆడపిల్లలు అయిదు, అయిదున్నర, ఆరు శ్రుతిలో పాడతారు, మగవాళ్ళు ఒకటి, ఒకటిన్నర. సోలో అయితే ఎవరి శ్రుతికి వాళ్ళకి మార్చి వాయిస్తాం, కీబోర్డులో ఒక బటన్ నొక్కడమే. డ్యూయెట్ దగ్గరే చిక్కు. ఇద్దరికీ ఒకే శ్రుతి కుదరాలి. ఆయనకి సరిపోతే ఈమెకి పైన అందదు, ఈమెకి సరిపోతే ఆయన కింద గొణుక్కోవాలి. స్టేజీల మీద జనం అడిగేవి సగం డ్యూయెట్లే. టీవీ పోటీలో డ్యూయెట్ రౌండు వచ్చినా, దానికి ముందే ఎవరో కూర్చుని సర్దిపెడతారు. ఇక్కడ పాటకీ పాటకీ మధ్య యాంకర్ జోకు చెప్పే టైములో మనమే సర్దుకోవాలి. ఆ నోటుబుక్కు అమ్మాయి, "అన్నా, ఈ పాట అరశ్రుతి దించితే ఆయనకీ నాకూ సరిపోతుంది" అని తనే చెప్పేది. నాకు తెలిసిన టీవీ పిల్లల్లో చాలామందికి తమ శ్రుతి ఏదో తెలియదు. వాళ్ళ తప్పు కాదు, ఆ పని ఇంకొకరు చేసిపెట్టేవారు.

ఇంకో సంగతి. ఫోన్లో పాట చూసి పాడటం. ఈ అలవాటు వచ్చాక స్టేజీ మీద పాట సగం చచ్చిపోయింది, ఈ మాట నేను ఎక్కడైనా అంటాను.

సినిమాల సంగతి అడుగుతారు. శ్రీరామచంద్రనే తీసుకోండి. దేశమంతా చూస్తుండగా 2010లో గెలిచాడు. హిందీలో అందరి నోళ్ళలో నానిన పాట, 'యే జవానీ హై దీవానీ'లో 'సుభానల్లా', వచ్చింది 2013లో. ఈ మధ్యలో ఆయనేమీ చేతులు కట్టుకుని కూర్చోలేదు. తర్వాత నటించాడు, 2021లో బిగ్‌బాస్ ఇంట్లోకి వెళ్ళాడు, యాంకరింగ్ చేశాడు. జాతీయ విజేతకే అంత ఓపిక కావాల్సి వచ్చింది. ఈలోపు ప్రతి సీజన్‌కీ కొత్త విజేతలు వస్తూనే ఉంటారు. ఈవెంట్ల వాళ్ళు పిలిచేది ఈ ఏడాది పేరుని. షో నడిచే రోజుల్లో పెళ్ళి సంగీత్‌కి ఎంత అడిగితే అంత ఇచ్చినవాళ్ళే, తర్వాతి సీజన్ మొదలవగానే బేరం ఆడతారు. మా కళ్ళ ముందు జరిగేదే ఇది.

డబ్బు లెక్క కూడా ముందే చూసుకోండి. బహుమతి 10 లక్షలు అని టీవీలో పెద్ద చెక్కు చూపిస్తారు. ఇలాంటి పోటీ బహుమతుల మీద ఆదాయపు పన్ను 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు. మామూలు ఆదాయానికి ఉండే మినహాయింపులు దీనికి వర్తించవు. అంటే మిగిలేది 6 లక్షల 88 వేలు. అది గెలిచిన ఒక్కరికి. మిగతా పిల్లల ఇళ్ళల్లో పోయేదే ఎక్కువ. హైదరాబాదు ప్రయాణాలు, లాడ్జీలు, బట్టలు. ఒకే రోజు రెండు మూడు ఎపిసోడ్లు తీస్తారని, ఒక్కోదానికి వేరే డ్రెస్సు కావాలని వెళ్ళొచ్చిన పిల్లలు చెబుతుంటారు. మాకు తెలిసిన ఒక తండ్రి సెలవులన్నీ దీనికే వాడేసి, చివరికి జీతం నష్టం మీద వెళ్ళాడు.

మీ అమ్మాయికి పధ్నాలుగు నిండలేదు కాబట్టి చట్టం కొంత మీ వైపు ఉంది. బాలకార్మిక చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం, పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలతో రోజుకి 5 గంటలకి మించి పని చేయించకూడదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వకుండా 3 గంటలకి మించకూడదు. నిర్మాత కలెక్టరు అనుమతి తీసుకోవాలి. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో వాళ్ళ పేరు మీద డిపాజిట్ చెయ్యాలి. స్కూలు పోకుండా చూసే బాధ్యత కూడా వాళ్ళదే. మీ ఆవిడకి ఇది చెప్పండి, కాస్త టెన్షన్ తగ్గుతుంది. కాంట్రాక్టు మీద సంతకం పెట్టేది మీరే, కాబట్టి ఎంతకాలం వేరే చానెల్లో, వేరే స్టేజీల మీద పాడకూడదని రాశారో ఆ పేరా చదవకుండా పెట్టొద్దు. నాకు తెలిసి ఒకమ్మాయికి బాగా పిలుపులొచ్చే నెలలన్నీ ఆ షరతు కిందే పోయాయి.

పదో తరగతి ఏడాది మాత్రం పంపకండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. ఇప్పుడైతే ఒక ప్రయత్నం చేసుకోవచ్చు, లేదా ఇంటర్ అయ్యాక. గొంతు ఎక్కడికీ పోదు, పైగా అప్పటికి కుదురుకుంటుంది.

ఎవరైనా ఫోన్ చేసి, మేము ఫలానా చానెల్లో తెలిసినవాళ్ళం, ఆడిషన్‌లో సెలెక్ట్ చేయిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ కింద ఇంత కట్టండి అంటే ఫోన్ పెట్టెయ్యండి. ఒంగోల్లో ఇలా కట్టి పోగొట్టుకున్న ఇళ్ళు నాకు తెలుసు. ఆడిషన్ ప్రకటన చానెల్లోనే వస్తుంది, వాళ్ళ సొంత పేజీల్లో వస్తుంది. అక్కడ చూసి నేరుగా పంపుకోండి.

ఆడిషన్‌కి పాట ఎంచుకోవడం గురించి ఒక మాట. అక్కడ వాయిద్యాలు ఉండవు, చాలాసార్లు పల్లవి దాటకుండానే ఆపేస్తారు. చరణంలో గొంతు అదిరిపోయేలా తిప్పే చోటు ఉంది కదా అని ఆ పాట తీసుకెళ్తే అక్కడి దాకా రానివ్వరు. మీ అమ్మాయి గొంతు బాగా పలికే చోటు పల్లవిలోనే ఉన్న పాట చూసుకోండి. గుళ్ళో పాడే కీర్తన ఒకటి, సినిమా పాట ఒకటి, పాత పాట ఒకటి, మూడూ పూర్తిగా నోటికి వచ్చి ఉండాలి, చరణాలతో సహా. ఫోన్లో శ్రుతిపెట్టె యాప్ పెట్టి రోజూ పాడిస్తే తన శ్రుతి తనకే తెలిసిపోతుంది. తేలకపోతే ఒక ఆదివారం ఒంగోలు తీసుకురండి, కావలి నుంచి రైల్లో ఎంతోసేపు పట్టదు. మా రిహార్సల్ సాయంత్రం ఉంటుంది, కీబోర్డు మీద చూసి చెబుతాను.