రెండు సామెతల మధ్య ఎలుక పిల్ల

చిరంజీవికి ఆశీస్సులు.

చిన్నప్పటి పెంపకం స్వభావాన్ని ఎలా మలుస్తుందో చెప్పే నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అని మొదలుపెట్టి, ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని ముగించావు. రెండింటికీ మధ్య ఎలుకల మీద జరిగిన ప్రయోగాలున్నాయి. ఆ ఎలుకలు నీ మొదటి సామెతను ఒప్పుకోవు, రెండోదాన్ని సగమే ఒప్పుకుంటాయి. వాటి మాట పూర్తిగా వినకముందే నువ్వు తీర్పు రాసేశావు.

మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ బృందం చేసిన పనిని మూడు వాక్యాల్లో దాటేశావు. నేనైతే అక్కడే ఆగిపోయేవాణ్ణి. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లను ఊహించుకో. కళ్ళు తెరుచుకోలేదు, చెవులు వినపడవు, ఒంటి మీద బొచ్చు లేదు. దానికి తెలిసిన లోకమంతా తల్లి ఒంటి వెచ్చదనం, నాలుక తడి. కొన్ని తల్లులు పిల్లల్ని ఎడతెగకుండా నాకి శుభ్రం చేస్తాయి, వీపును విల్లులా వంచి పాలిస్తాయి. కొన్ని తక్కువగా నాకుతాయి. పరిశోధకులు గూళ్ళ ముందు కూర్చుని, కొన్ని నిమిషాలకోసారి తల్లి ఏం చేస్తోందో రాసుకున్నారు. ఎంత ఓపిక పడితే ఆ ఒక్క తేడా బయటపడిందో పాఠకుడికి చెప్పు. విజ్ఞాన రచనలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ ఓపికను చూపించడమే.

తర్వాత పరిశోధకులు, పిల్లలు పుట్టిన కొన్ని గంటల్లోనే వాటిని ఒక తల్లి దగ్గర్నుంచి ఇంకో తల్లి దగ్గరకు మార్చి చూశారు. తక్కువగా నాకే తల్లి కన్న ఆడపిల్ల, ఎక్కువగా నాకే తల్లి దగ్గర పెరిగింది. అది పెద్దదై పిల్లల్ని కన్నప్పుడు కన్నతల్లిలా కాక పెంచిన తల్లిలా వాటిని నాకింది. 1999లో వచ్చిన ఈ ఫలితం చదివిన రోజు ‘పెంపకం’ అన్న మన మాట నాకు కొత్తగా వినిపించింది. పుడకల దాకా పోదన్న బుద్ధి, పెంచిన తల్లి నాలుకతో మారింది. ఈ సంగతి నీ వ్యాసంలో ఉంది, కానీ నీ మొదటి వాక్యాన్ని అది కొట్టేసిందని నువ్వు గమనించలేదు.

రెండో సామెత సంగతి ఇంత తేలిక కాదు. తల్లి తక్కువగా నాకిన పిల్లల మెదడులో, హిప్పోకాంపస్ అనే భాగంలో, ఒత్తిడి హార్మోనును అందుకునే గ్రాహకపు జన్యువు మీద మిథైల్ గుర్తులు, అంటే జన్యువు పనిని తగ్గించే రసాయన గుర్తులు, ఎక్కువగా పడతాయని అదే బృందం 2004లో చూపించింది. పెద్దయిన ఎలుకల మెదడులోకి ట్రైకోస్టాటిన్ అనే మందు పంపితే ఆ తేడా చెరిగిపోయింది. అంటే మాను కూడా వంగింది. అయితే 2012లో బోస్టన్ పరిశోధకులు చిట్టెలుక పిల్లల్ని 21వ రోజు నుంచి రెండు వారాలు ఒంటరిగా ఉంచి, ఆ తర్వాత తోటివాటితో కలిపారు. అవి కోలుకోలేదు. పెద్దయ్యాక కూడా తోటివాటితో కలవడం తగ్గింది, మెదడు ముందుభాగంలో నరాల చుట్టూ ఉండే మైలిన్ పొర పలచబడింది. అదే ఒంటరితనం 35వ రోజు తర్వాత వస్తే ఆ నష్టం కనిపించలేదు. ఏది వంగుతుంది, ఏ వయసులో వంగుతుంది అన్నదే ఇక్కడ అసలు కథ. సామెత దాన్ని మింగేస్తుంది.

ఇంకో చోటు చెబుతాను. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఆటల వయసులో, అంటే నాలుగు, అయిదు వారాలప్పుడు, కొన్ని ఎలుకల్ని ఒంటరిగా పెంచారు. పెద్దయ్యాక వాటిని మరో మగ ఎలుక గూట్లో వదిలారు. ఆటలాడి పెరిగినవి దెబ్బ తగలగానే లొంగిపోయి, కదలకుండా ఉండి ప్రమాదం తగ్గించుకున్నాయి. ఒంటరిగా పెరిగినవి లొంగిపోవడానికే ఆలస్యం చేశాయి. ఓడిపోవడం ఎలాగో కూడా ఆటలోనే నేర్చుకోవాలన్నమాట. దీన్ని నువ్వు ‘సామాజిక నైపుణ్యాలు దెబ్బతిన్నాయి’ అని రాశావు. ఆ మాటలో ఎలుక ఎక్కడుంది?

ఇప్పుడు నన్ను బాధపెట్టిన చోటుకు వస్తాను. ‘కాబట్టి తల్లులు మేలుకోవాలి’ అన్న నీ పేరా తీసెయ్యి. అమెరికా గడ్డిమైదానాల్లో ప్రెయిరీ వోల్ అనే చిన్న మూషికం ఉంటుంది. ఆడా మగా జంటకట్టి పిల్లల్ని కలిసి పెంచుతాయి. తండ్రి లేకుండా తల్లి ఒక్కటే పెంచిన పిల్లలు పెద్దయ్యాక జత కుదుర్చుకోవడానికి ఎక్కువ సమయం తీసుకున్నాయని అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయం నుంచి 2009లో ఒక అధ్యయనం వచ్చింది. దాని గురించి రాస్తూ నేనూ చివర్లో మనుషుల మీదకు దూకాను. కుట్టుపని చేసి ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా పెంచిన ఒక తల్లి నాకు కార్డు రాసింది. ‘నా పిల్లలు సరిగ్గా పెరగలేదంటారా?’ అని ఒక్కటే ప్రశ్న. ఆమెకు ఆ నొప్పి కలిగించే హక్కు నాకు ఏ ఎలుకా ఇవ్వలేదు. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

రోమ్ ప్రయోగాన్ని నువ్వు చివరి పేజీలో దాచేశావు. అక్కడ మూడు చిట్టెలుక తల్లులు ఒకే గూట్లో పిల్లల్ని కలిపి పెంచాయి. ఆ పిల్లలు పెద్దయ్యాక తోటివాటితో ఎక్కువగా కలిశాయి, ఎవరు పైన, ఎవరు కింద అన్నది త్వరగా తేల్చుకున్నాయి. వ్యాసాన్ని ఆ గూటితో మొదలుపెట్టి చూడు. సామెతలు రెండూ పక్కన పెట్టు. మళ్ళీ రాశాక పంపు, ఎదురుచూస్తాను.

నీ శ్రేయోభిలాషి