టెస్టు చేయించుకుంటే చాలు కదా అని అడిగిన చెల్లికి

చెల్లెమ్మా,

నీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఈ అడల్ట్ సినిమాల పనిలోకి రావాలా వద్దా అని నువ్వు నన్ను అడగలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషివి, ఆ లెక్క నువ్వే వేసుకున్నావు, నేను దాని జోలికి రాను. "అక్కా, టెస్టు చేయించుకుంటే చాలు కదా?" అన్నావే, ఆ 'చాలు' అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. లాస్ ఏంజెలెస్‌లో పంతొమ్మిదేళ్ళు అడల్ట్ సినిమాల్లో చేశాను. మానేశాక ఇన్నేళ్ళుగా కొత్తగా వచ్చే అమ్మాయిలను వెంటబెట్టుకుని ల్యాబ్‌కి వెళ్తున్నాను. ఆ మాట అన్నవాళ్ళను చాలామందిని చూశాను. నేనూ అన్నదాన్నే.

ముందు ఆ లైంగిక జబ్బుల టెస్టు కాగితం ఏం చెబుతుందో తెలుసుకో. రిపోర్టు మీద రెండు తేదీలుంటాయి, శాంపిల్ తీసిన రోజు ఒకటి, రిజల్టు వచ్చిన రోజు ఒకటి. నువ్వు లెక్కపెట్టాల్సింది శాంపిల్ తీసిన రోజు నుంచే. ఇక్కడ 2013 నుంచి నడుస్తున్న పద్ధతి ప్రకారం టెస్టు 14 రోజుల లోపుదై ఉండాలి. అంతకుముందు నెలకోసారి చేయించుకునేవాళ్ళం. ఫలితాలు పాస్ అనే డేటాబేస్‌లోకి వెళ్తాయి. నువ్వు పని చెయ్యొచ్చా లేదా అన్నది మాత్రమే నిర్మాతకు కనిపిస్తుంది, నీకు ఏ జబ్బు ఉందో కనిపించదు. ఆ గోప్యత మనకు ఊరికే రాలేదు. 2011లో అంతకుముందున్న క్లినిక్ వివరాలు బయటికి పొక్కి, వేలమంది అసలు పేర్లు ఇంటర్నెట్‌కెక్కాయి. ఆ వారం నేను మా అమ్మకు ఫోన్ చెయ్యలేకపోయాను.

సరే, 14 రోజుల లోపు నెగెటివ్ వచ్చిందనుకో. ఆ కాగితం చెప్పేది సూది గుచ్చిన రోజున నీ రక్తంలో కనిపించినదాని గురించే. హెచ్‌ఐవీ సోకిన వెంటనే ఏ పరీక్షలోనూ దొరకదు. మనకు చేసే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష, నేరుగా వైరస్‌నే వెతికి అన్నిటికంటే ముందుగా పట్టేది, దానికి కూడా 10 నుంచి 33 రోజులు పట్టొచ్చు. చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే యాంటిజెన్-యాంటీబాడీ పరీక్షకు 18 నుంచి 45 రోజులు. వేలికి గుచ్చి పావుగంటలో చెప్పే యాంటీబాడీ కిట్లకు 90 రోజుల దాకా. అందుకే ఎవరైనా సెట్ మీద కిట్ చూపించి "ఇదుగో నెగెటివ్" అంటే నమ్మి ఊరుకోకు.

ఇది నేను ఊహించి చెప్పడం లేదు. 2004 మార్చిలో నెగెటివ్ వచ్చిన ఒక నటుడికి ఏప్రిల్‌లో పాజిటివ్ వచ్చింది. ఆ మధ్యలో ముగ్గురు నటీమణులకు సోకింది, షూటింగులన్నీ ఆగిపోయాయి. 2014లో ఇంకో నటుడి విషయంలో జరిగినదాన్ని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ తర్వాత ప్రచురించింది. అతని టెస్టు 14 రోజుల లోపుదే, నెగెటివే, నియమం ప్రకారం తప్పేమీ చెయ్యలేదు. అయినా తోటి నటుడొకరికి, పని బయట మరొకరికి సోకింది. కొత్తగా సోకినప్పుడే రక్తంలో వైరస్ విపరీతంగా ఉంటుంది, అప్పుడే కాగితం మీద ఏమీ ఉండదు. జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద దద్దుర్లు కనిపిస్తే ఫ్లూ అనుకుని మాత్ర వేసుకుని సెట్‌కి వెళ్ళకు. ఆ రోజు పని వదిలెయ్, డాక్టర్‌కి ఏం పని చేస్తావో ఉన్నదున్నట్టు చెప్పు.

ఇక నా కథ. నాలుగో ఏడు అనుకుంటా. ప్రతిసారీ కప్పులో మూత్రం, ఒక గొట్టం రక్తం, అంతే. అన్నీ నెగెటివ్. ఒక షూటింగ్ అయిన వారానికి నాతో చేసినతను ఫోన్ చేసి, తనకు గనేరియా, అంటే సెక్స్ ద్వారా అంటుకునే జబ్బు, వచ్చిందని, నీతో తప్ప ఎవరితోనూ చెయ్యలేదని అన్నాడు. నాకు కోపం వచ్చింది. నా రిపోర్టు చూసుకో అని అరిచాను. తర్వాత వేరే డాక్టర్ దగ్గర గొంతులోంచి శాంపిల్ తీయిస్తే పాజిటివ్. గొంతులో చిన్న గరగర కూడా లేదు నాకు. మూత్రం పరీక్షకు గొంతులో ఉన్నది ఎలా తెలుస్తుంది? నేను వెళ్ళే క్లినిక్‌లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అతనికి క్షమాపణ చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

2012లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇదే తేలింది. ఇక్కడి నటీనటులు 168 మందిని పరీక్షిస్తే 47 మందికి గనేరియానో, అలాంటిదే ఇంకో లైంగిక జబ్బు క్లమీడియానో ఉంది. అందులో 11 మంది మూత్రం, జననాంగాల శాంపిల్‌తో మాత్రమే చేస్తే దొరికేవాళ్ళే కాదు. అందుకని చెల్లీ, నోటితో చేస్తావా, గొంతు శాంపిల్ ఇవ్వు. మలద్వారం వైపు చేస్తావా, అక్కడిదీ ఇవ్వు. దూదిపుల్ల లాంటిది నాలుక వెనక టాన్సిల్స్ దగ్గర తిప్పుతారు, ఒక్క క్షణం ఓకరింపు వస్తుంది, అంతే. యోని శాంపిల్ నువ్వే బాత్రూమ్‌లో తీసుకోవచ్చు, సిగ్గుపడాల్సిందేమీ లేదు. ల్యాబ్‌వాళ్ళు అడగకపోయినా "మూడు చోట్లా కావాలి" అని నువ్వే అను.

పాజిటివ్ వస్తే ఏడుస్తూ కూర్చోకు. గనేరియాకు ఒక ఇంజెక్షన్, క్లమీడియాకు ఏడు రోజులు మాత్రలు. మందు మొదలుపెట్టి తగ్గిపోయింది కదా అని మూడో రోజు పనికి వెళ్తారు, అక్కడే అంతా మళ్ళీ మొదలవుతుంది. ఏడు రోజులు పూర్తిగా ఆగు. గొంతులో గనేరియా అయితే ఒకటి రెండు వారాల్లో మళ్ళీ పరీక్ష చేయించు, అక్కడ అది మొండిది. నీతో చేసినవాళ్ళకు, ఇంట్లో ఉన్నవాళ్ళకు నువ్వే ఫోన్ చెయ్. 2012లోనే ఒక నటుడు తనకు సిఫిలిస్ అనే లైంగిక జబ్బు ఉందన్న రిజల్టు దాచి పని చేశాడు. మళ్ళీ షూటింగులు ఆగాయి, అతనికి జైలు శిక్ష పడింది. సిఫిలిస్ పుండు నొప్పి పుట్టదు, దానంతటదే మానిపోతుంది, జబ్బు మాత్రం లోపల ఉండిపోతుంది. నొప్పి లేని పుండు కనిపిస్తే నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా సరే.

హెచ్‌ఐవీ సోకకుండా ముందుగానే వాడే మందును ప్రెప్ అంటారు, దాని గురించి నా మాట ఒక్కటే, వేసుకో. 2012 నుంచి రోజూ వేసుకునే మాత్ర ఉంది, ఇప్పుడు రెండు నెలలకోసారి, ఆరు నెలలకోసారి వేయించుకునే ఇంజెక్షన్లూ వచ్చాయి. మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ పరీక్ష, మాత్ర అయితే మూత్రపిండాలది, హెపటైటిస్ బీ కూడా చూస్తారు. యోని వైపు పూర్తి రక్షణ రావడానికి రోజూ మాత్ర వేసుకున్నా సుమారు 21 రోజులు పడుతుంది, కాబట్టి మొదటి షూటింగ్ తేదీ దానికి తగ్గట్టు ఒప్పుకో. అది హెచ్‌ఐవీని ఆపుతుంది కానీ మిగతావాటిని ఆపదు. కండోమ్ చిరిగిందో, భయపడే పరిస్థితి వచ్చిందో, 72 గంటల లోపల డాక్టర్ దగ్గర పెప్, అంటే అలా జరిగాక హెచ్‌ఐవీ రాకుండా వాడే మందు, మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ఎంత తొందరగా వెళ్తే అంత మంచిది, తెల్లారనిద్దాం అనుకోవద్దు. హెపటైటిస్ బీ టీకా, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌కి టీకా లేకపోతే ఈ నెలలోనే మొదలుపెట్టు. కాలిఫోర్నియా నియమం ప్రకారం హెపటైటిస్ బీ టీకా ఖర్చు యజమానిదే. సెట్ మీద ఈ సంగతి ఎవరూ ఎత్తరు, నువ్వు ఎత్తు.

కండోమ్ మాట వస్తే మొహాలు మారిపోతాయి. నేను చివరి ఎనిమిదేళ్ళు కండోమ్ లేకుండా చెయ్యలేదు. కొన్ని పనులు పోయాయి, ఆ డబ్బు లేకుండానే బతికాను. పెట్టుకుంటే సరిగ్గా పెట్టుకోవాలి. మన షూటింగ్ అంటే గంటలకొద్దీ రాపిడి, లైట్ల వేడి. అరగంటకొకటి మార్పించు, లూబ్రికెంట్ ధారాళంగా వాడించు. లేటెక్స్ అయితే నీళ్ళతో చేసినదో సిలికాన్‌దో వాడాలి, నూనె, వేసలిన్ తగిలితే లేటెక్స్ పాడవుతుంది. ఒకదాని మీద ఒకటి తొడగనివ్వకు. నోనాక్సినాల్-9 అని రాసి ఉన్నవి అసలు వద్దు, వీర్యకణాలను చంపే ఆ మందు లోపలి పొరను రేపి హెచ్‌ఐవీకి దారి ఇస్తుంది. మలద్వారం నుంచి యోనికి వచ్చేటప్పుడు కండోమ్ మార్చడం కెమెరామన్‌కి నచ్చకపోయినా ఆపి మార్చు. సెక్స్ బొమ్మలు వాడితే ఒకరిది ఇంకొకరికి వద్దు, తప్పకపోతే దానికీ కొత్త కండోమ్ తొడగాలి.

షూటింగ్ రోజు పొద్దున పళ్ళు గట్టిగా తోమకు, దారంతో శుభ్రం చెయ్యకు, చిగుళ్ళు చిట్లుతాయి. నోరు పుక్కిలిస్తే చాలు. షేవింగ్ ముందు రోజే చేసుకో. లోపల నీళ్ళు పట్టి కడగడం యోనికి అసలు వద్దు. మేకప్ గదిలోనే, బట్టలు మార్చకముందే, ఎదుటివాళ్ళ రిపోర్టు, ఐడీ రెండూ అడిగి చూడు. నేను ఫోన్ లైటు వేసి, పేరు, పుట్టిన తేదీ, శాంపిల్ తేదీ, ఏ పరీక్షలు చేశారు, ఎక్కడి శాంపిల్, అన్నీ వేలితో చూపిస్తూ చదివేదాన్ని. మొదట్లో నవ్వారు. కొన్నాళ్ళకు నన్ను చూడగానే వాళ్ళే ఫోన్లు తీసి చూపించేవాళ్ళు. పెదవి మీద పొక్కు ఉందా, చేతికి తెగిన గాయం ఉందా అదీ చూడు. హెర్పిస్‌ను మామూలు పరీక్షల్లో చూడరు, కళ్ళతోనే చూడాలి. ఏం చేస్తావు, ఏం చెయ్యవు అన్నది ముందే కాగితం మీద పెట్టించు. కెమెరా తిరిగాక కొత్త మాట తెస్తే ఆపమను. నిన్ను మళ్ళీ పిలవరేమో అన్న భయం ఆ క్షణంలో కొండంత కనిపిస్తుంది, నాకు తెలుసు.

ఇంకొకటి. ఈ జాగ్రత్తంతా సెట్ మీద పాటించి ఇంటికెళ్ళి వదిలేసేవాళ్ళు చాలామంది. నీ స్నేహితుడికి 14 రోజులకోసారి టెస్టు ఎవరు చేస్తున్నారు? అతన్నీ తీసుకెళ్ళు. అతను రానంటే కండోమ్ అక్కడా వాడాలి.

సోమవారం పొద్దున నాతో ల్యాబ్‌కి రా. ముందు రోజు రాత్రి నీళ్ళు బాగా తాగు, నరం సులువుగా దొరుకుతుంది. వచ్చే ముందు గంటసేపు మూత్రానికి వెళ్ళకు, మొదటి ధార పట్టాలి. ఐడీ మర్చిపోకు. గొంతు శాంపిల్ తీసేటప్పుడు చెయ్యి పట్టుకోమంటే పట్టుకుంటాను. రిజల్టు వచ్చాక ఎవరికీ పంపకు, ఇద్దరం కూర్చుని ఒక్కో గడీ చదువుదాం.

నీ అక్క