బాగా మార్చేసిన 1972 పాంటెరా అమ్మకానికి ఉంది, కొనొచ్చా?

మీరు అడిగింది ఇదీ: అమెరికాలో డల్లాస్ దగ్గర 1972 డి టొమాసో పాంటెరా (ఫోర్డ్ వీ8 ఇంజిన్ పెట్టిన ఇటాలియన్ స్పోర్ట్స్ కారు) ఒకటి అమ్మకానికి ఉంది, 408 స్ట్రోకర్ ఇంజిన్ (అంటే స్ట్రోక్ పెంచి పెద్దది చేసింది), జీటీ5 వైడ్ బాడీ (చక్రాల దగ్గర వెడల్పు చేసిన బాడీ), కొత్త బ్రేకులు, మార్పులు చేయని ఒరిజినల్ కారు కన్నా తక్కువకే ఇస్తానంటున్నాడు అమ్మేవాడు, తీసుకోవచ్చా అని. నా దగ్గర 1973ది ఉంది, అది కూడా నా చేతికి వచ్చేసరికే నలుగురి చేతులు పడి మారిపోయిన బండి. కాబట్టి సూటిగా చెప్తా. ప్రకటనలో ఏమేం పెట్టానని రాశాడో దాన్ని పక్కన పెట్టి, అవి పెట్టడానికి ఏమేం కోశాడో అడగండి. బోల్టులతో బిగించింది నచ్చకపోతే రేపు విప్పుకోవచ్చు. కోసేసిన రేకు తిరిగి రాదు, వచ్చేలా చేయాలంటే ఆ ఖర్చంతా మీదే.

ముందు ఆ జీటీ5 సంగతి తేల్చుకోండి. ఫోర్డ్ ఈ కార్లని అమెరికాకి తెచ్చి లింకన్-మెర్క్యురీ డీలర్ల దగ్గర అమ్మింది 1971 నుంచి 1974 వరకే. జీటీ5 అనే మోడల్ వచ్చిందేమో 1980లో. అంటే 1972 బండికి జీటీ5 అని రాశారంటే, ఎవరో తర్వాత ఫ్లేర్లు (వెడల్పు టైర్లని కప్పడానికి చక్రాల పైన పెట్టే ఉబ్బెత్తు అంచులు) తగిలించారని అర్థం. మోసమని అనను, అందరూ అలాగే రాస్తారు, కానీ ఆ పేరు చూసి మాత్రం పైసా ఎక్కువ ఇవ్వొద్దు. (నా సొంత అభిప్రాయం అడిగితే, ఘియా అనే ఇటాలియన్ డిజైన్ స్టూడియోలో టామ్ ట్యార్డా గీసిన ఆ షేపు ఈ ఫ్లేర్లు పెట్టాక సగం కనపడకుండా పోతుంది, కానీ కొనేది మీరు.)

ఫ్లేర్లు పెట్టాలంటే అసలు ఫెండర్ అంచు కోయాలి. టైరు పైనుంచి లోపలికి చెయ్యి పెట్టి ఆ అంచు తడిమి చూడండి. నేను చూసి వదిలేసిన ఒక ఎర్ర బండికి అక్కడ కట్టర్‌తో వంకరటింకరగా కోసి అలాగే వదిలేశారు, కనీసం ప్రైమర్ కూడా కొట్టలేదు, గోరుతో గీకితే తుప్పు పొరలు పొరలుగా ఊడొచ్చింది. పైన పెయింట్ మాత్రం ధగధగలాడుతోంది! ఈ కారుకి విడిగా ఫ్రేము లేదు, బాడీయే ఫ్రేము, ఆ రోజుల్లో తుప్పు పట్టకుండా తీసుకున్న జాగ్రత్త కూడా అంతంతమాత్రమే. అందుకే మెత్తటి గుడ్డలో చుట్టిన మాగ్నెట్ ఒకటి తీసుకెళ్ళి తలుపుల అడుగున, తలుపుల కింద ఉండే సిల్స్ మీద, ముందు అద్దం కింది మూలల్లో ఆనించి చూడండి, అంటుకోకపోతే లోపల పుట్టీ ఉన్నట్టే. వెనక లగేజీ టబ్ బయటికి వచ్చేస్తుంది, మొహమాటపడకుండా తీయించండి, అప్పుడే ఇంజిన్‌కి రెండు పక్కలా బరువు మోసే రైల్స్ (పొడుగాటి ఇనుప దూలాలు) కనపడతాయి. వెడల్పు టైర్లు వేసి గట్టిగా తోలిన బండికి అక్కడ రైల్స్ లోపలికి వంగుతాయి, వెనక నిలబడి చూస్తే చక్రాల పైభాగం లోపలికి వాలినట్టు తెలిసిపోతుంది. కారు తెలిసినవాళ్ళు అక్కడ అడ్డంగా ఒక బార్ వేస్తారు. అది ఉంటే బండి కట్టినవాడికి ఒక మార్కు వేయండి.

ఇంక వేడి. పాంటెరా అనగానే అందరూ ఓవర్‌హీటింగ్ అంటారు, నిజమే, ఇంజిన్ కారు వెనకభాగంలో, రేడియేటర్ ముందుభాగంలో, రెంటి మధ్యా పొడుగాటి పైపులు. కానీ చాలాసార్లు తప్పు డిజైన్‌ది కాదు, రిపేర్ చేసినవాళ్ళది. నా బండి సిగ్నల్ దగ్గర ఆగితే చాలు టెంపరేచర్ సూది పైకి పోయేది. పాత ఓనర్ పెద్ద రేడియేటర్ వేయించాడు, ఫ్యాన్లు మార్పించాడు, అయినా అంతే. చివరికి తేలిందేమిటంటే, ఈ కారులో ఉండే ఫోర్డ్ 351 క్లీవ్‌లాండ్ ఇంజిన్‌కి థర్మోస్టాట్ (వేడెక్కాక నీళ్ళని రేడియేటర్‌కి వదిలే వాల్వు) వేరే, దానికి ఒక కాలర్ ఉంటుంది, వేడెక్కి తెరుచుకున్నాక ఆ కాలర్ బైపాస్ రంధ్రాన్ని మూసేయాలి. ఓ వర్క్‌షాప్‌వాళ్ళు ఫోర్డ్‌దే ఇంకో వీ8 అయిన విండ్సర్‌ది తెచ్చి వేశారు. అది చక్కగానే కూర్చుంటుంది, బైపాస్ మాత్రం మూయదు, వేడి నీళ్ళు కొన్ని రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగొచ్చేస్తాయి. సరైన పార్ట్ ధర ఇద్దరు బిర్యానీ తిన్నంత. మీరు కూడా ఏ థర్మోస్టాట్ ఉందని అడగండి, జవాబు కంటే అతని మొహం ఎక్కువ చెప్తుంది.

కాబట్టి కాలనీ చుట్టూ ఒక రౌండ్ కొట్టించి ఇదే టెస్ట్ డ్రైవ్ అంటే ఒప్పుకోవద్దు. మీరు వెళ్ళేదాకా ఇంజిన్ ఆన్ చేయొద్దని అమ్మేవాడికి ముందే చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్ట్ అవుతుందో చూడండి (ఎల్విస్ ప్రెస్లీ తన పాంటెరా స్టార్ట్ కాలేదని తుపాకీతో కాల్చిన కథ తెలిసిందేగా), బాగా వేడెక్కేదాకా తోలి, ఏదో ఒక పార్కింగ్‌లో ఎండలో ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి కబుర్లు చెప్తూ ఆ సూది మీద ఓ కన్నేయండి. మొదటి గేరు ఎడమవైపు కిందకి ఉంటుంది, కంగారుపడొద్దు. ఈ కారుకి ఉండే జెడ్ఎఫ్ కంపెనీ గేర్‌బాక్స్ చల్లగా ఉన్నప్పుడు రెండో గేరుకి మొరాయించడం మామూలే, వేడెక్కాక కూడా గీరుకుంటే మాత్రం సింక్రో (గేర్లు సాఫీగా పడేలా చేసే రింగు) అరిగిపోయినట్టే, దాన్ని విప్పించడమంటే వేల డాలర్ల మాట, ఆ పని వచ్చినవాళ్ళు కూడా తక్కువ. అన్నట్టు, ముందు చక్రం గూడు లోపలికి చొచ్చుకొచ్చి పెడల్స్ కుడివైపుకి జరిగి ఉంటాయి, ఆరడుగులు దాటితే తల కూడా పైన తగులుతుంది. డబ్బు సంగతి మాట్లాడేముందు ఒకసారి కూర్చుని చూసుకోండి.

408 సంగతి తక్కువలో చెప్తా. ఈ అంకెలు ఇంజిన్ సైజు, క్యూబిక్ అంగుళాల్లో. 351 అంటే 5.8 లీటర్లు, స్ట్రోక్ (సిలిండర్‌లో పిస్టన్ కదిలే దూరం) పెంచి 408 చేస్తే దాదాపు 6.7. మెషిన్ షాప్ బిల్లులు, డైనో షీట్ (ఇంజిన్ పవర్ కొలిచిన రిపోర్టు) ఉంటే మంచి ఇంజినే. నోటిమాట తప్ప ఏమీ లేకపోతే నేను దాన్ని ఏదో ఒక ఇంజిన్ కిందే లెక్కేస్తా. మంచి రేడియేటర్, మంచి బ్రేకులు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, శుభ్రంగా రిలేలు పెట్టి చేసిన వైరింగ్, వీటికి మాత్రం సంతోషంగా డబ్బులిస్తా, ఇవన్నీ కారుని వాడుకోదగ్గట్టు చేసేవే. ఇంత ఖర్చయింది అంత ఖర్చయింది అని అతను లెక్క చెప్తాడు, వినండి, కానీ అది అతని సరదా ఖర్చు, మీ రేటులో కలపక్కర్లేదు. కొంటే మాత్రం ఇన్సూరెన్స్ అగ్రీడ్ వాల్యూ (కారు విలువ ఇంత అని ముందే ఒప్పుకుని రాసుకునే పాలసీ) మీదే తీసుకోండి, మామూలు పాలసీవాడికి ఈ కారు విలువ అర్థం కాదు.

డల్లాస్ వెళ్ళేముందే నాలుగు ఫెండర్ల లోపలివైపు, టబ్ తీసేశాక వెనక రైల్స్, ఛాసిస్ నంబరు, టైటిల్ (కారు ఎవరిదో చెప్పే కాగితం) ఫోటోలు అడగండి. పంపడానికి నసిగితే ఫ్లైట్ టికెట్ డబ్బులు మిగిలినట్టే. పంపితే నంబరు కనపడకుండా చేసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.