చెడిపోతున్న హార్డ్ డిస్క్ నుంచి ముందు ఫైల్స్ బయటికి తీసుకో పాపా

పాపా,

నీ వాయిస్ మెసేజ్ విన్నా. నీ లాప్‌టాప్ ఆన్ కావడానికే అరగంట పడుతోందని, ఫోల్డర్ ఓపెన్ చేస్తే పైన పచ్చ గీత అట్లనే నిలబడిపోతోందని, రేపు సాయంత్రం సప్తగిరి సర్కిల్ కాడ షాపులో ఇచ్చి కొత్త డిస్క్ వేయించుకుంటానని చెప్పినావు. ఇప్పుడే ఇయ్యొద్దు. షాపాయన చెడ్డోడని కాదు, ఆయన పని లాప్‌టాప్ మళ్లీ నడిచేటట్టు చేయడం, లోపల జేజి పాటల రికార్డింగులు ఉన్నాయని, మీ నాయన పొలం కాగితాల స్కాన్లు ఉన్నాయని ఆయనకేం తెలుసు, మనం నోరు తెరిచి చెప్పేలోపే ఫార్మాట్ అయిపోయి ఉంటాది. డిస్క్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, జేజి గొంతు యాడ కొంటాం చెప్పు.

ముందు లాప్‌టాప్ ఆఫ్ చేసి పక్కన పెట్టు, ఇది మొత్తం చదివినాకనే మళ్లీ ముట్టుకో. విండోస్ ఆ డిస్క్ మీదనే ఉంది కదా, నువ్వు గమ్మున కూర్చున్నా అది అప్‌డేట్లని, ఇండెక్సింగని, ఏదో ఒకటి రాస్తానే ఉంటాది చదువుతానే ఉంటాది. నీది 5400 ఆర్‌పీఎం డిస్క్, అంటే లోపల పళ్లెం సెకనుకు 90 సార్లు తిరుగుతాది, దానిమీద రాసి చదివే హెడ్ అనే చిన్న ముక్క వెంట్రుక మందం కన్నా శానా తక్కువ ఎత్తులో తేలుతా పోతాది, ఆ హెడ్ పళ్లేనికి తగిలిందంటే గీత పడుతాది, గీత పడిన కాడ లేచిన పొడి ఇంగో కాడ గీకుతాది. అందుకే ఆన్‌లో ఉన్న ప్రతి నిమిషం లెక్కే. ఎండాకాలంలో బోరు తగ్గిపోతా ఉంటే ముందు తాగే నీళ్లు పట్టుకుంటాం, బట్టలు తర్వాత చూసుకుంటాం కదా, ఇదీ అట్లనే, ఆ డిస్క్‌ని బాగుచేయాలనే ఆలోచనే పెట్టుకోవద్దు, ఉన్న ఓపికంతా కాపీకే వాడాల.

నీ ఫ్రెండ్ ఎవరో విండోస్‌లో ఉండే చెక్‌డిస్క్ కమాండ్ కొట్టమన్నాడంట, వద్దు. అది ఫైల్ సిస్టమ్‌ని సరిచేసేది, డిస్క్‌లో ఉండే ఫైళ్లను కాపాడేది కాదు, దెబ్బతిన్న డిస్క్‌ని ఆ చివర నుంచి ఈ చివర దాకా గంటల తరబడి చదివిస్తాది, పైగా తెగిపోయిన వాటిని తనకు తోచినట్టు మార్చి రాసేస్తాది. ఫైళ్ల ముక్కల్ని డిస్క్ మీద అటూ ఇటూ జరిపి ఒక్క కాడ చేర్చే డీఫ్రాగ్ అంతకన్నా చెడ్డది. రికవరీ సాఫ్ట్‌వేర్ ఏదన్నా డౌన్‌లోడ్ చేసి అదే డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయడం కూడా వద్దు. ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు, బయటికి తీయంగానే లోపల తేమ పడుతాది, వాళ్ల మాట వినొద్దు. 2009 అక్టోబర్‌లో మా కర్నూల్లో తుంగభద్ర, హంద్రీ ఊర్లోకి వచ్చినప్పుడు తడిసిన డిస్కులు శానామంది ఎండలో ఆరబెట్టి ఆన్ చేసినారు, నీళ్లు పోతాయి కానీ బురద, ఉప్పు లోపల అంటుకొనే ఉంటాయి, అట్ల పోయిన ఫోటోలు తల్చుకుంటే ఇప్పటికీ బాధే.

ఇంగ శబ్దం సంగతి. ఒకసారి టక్ అని ఊరుకుంటే సరే. అదే లెక్కగా టక్, టక్, టక్ అని కొడతానే ఉంటే అప్పుడు ఇంట్లో చేసేది ఏమీ లేదు, వెంటనే పవర్ తీసెయ్. శానాసార్లు హెడ్ పోయిందని దానర్థం. దుమ్ము లేని క్లీన్ రూమ్‌లో తెరిచే ల్యాబ్‌కే పంపాల, మీకు బెంగళూరు దగ్గరే, ఖర్చు వేలల్లో ఉంటాది కాబట్టి ముందే చూసి ఎంతవుతాదో చెప్పమని అడుగు. స్క్రూలు విప్పి మూత తీస్తామనే వాళ్లకు మాత్రం ఇయ్యొద్దు.

నువ్వు చెప్పిన దాన్ని బట్టి అంత దూరం పోలేదనిపిస్తోంది, బ్యాడ్ సెక్టార్లు, అంటే డిస్క్ మీద చదవడానికి రాని చోట్లు, పెరుగుతున్నట్టుంది. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో పసుపురంగులో కాషన్ అని చూపిస్తే అదే, రీఅలొకేటెడ్, పెండింగ్ అనే రెండు లైన్లలో అంకెలు పెరుగుతాయి. అయితే అది చూడ్డానికని విండోస్ మళ్లీ ఆన్ చేయొద్దు, లక్షణాలు చాలు.

ఒక్కటి మాత్రం ఇప్పుడే ఫోన్‌లో చూసుకో. కొత్త లాప్‌టాప్‌లలో విండోస్ మనల్ని అడగకుండానే డిస్క్‌కి బిట్‌లాకర్ అనే తాళం వేసి ఉండొచ్చు. దాని రికవరీ కీ 48 అంకెలు, నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి పోతే డివైజెస్ కింద కనిపిస్తాది. కాగితం మీద రాసి పెట్టుకో. తాళం పడి ఉంటే ఆ కీ లేకుండా డిస్క్ బయటికి తీసినా ఒక్క ఫోటో కూడా రాదు, ఎంత పెద్ద ల్యాబ్ అయినా సరే. ఇది తెలియక ఏడ్చినోళ్లను చూసినా కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా.

తర్వాత ఒక 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చుకో, నీది 500 జీబీ కాబట్టి సరిపోతాది. దాని ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ ఉండాల, ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. మీ నాయన కంప్యూటర్‌లో రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, ఉచితం) పెట్టించుకో, దాంతోనే నీ లాప్‌టాప్ ఆన్ చేయాల. డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9 ఆన్ చేయంగానే కొడితే పెన్‌డ్రైవ్ అడుగుతాది, ఇన్‌స్టాల్ వద్దు, ట్రై ఉబుంటు నొక్కు. అప్పుడు విండోస్ అసలు లేవదు, డిస్క్ మీద అనవసరమైన బరువు ఉండదు.

పొద్దున్నే మొదలుపెట్టు, మీ ఊరి ఎండకు మధ్యాహ్నం డిస్క్ కాలిపోతాది. బల్ల మీద కదలకుండా పెట్టి ఫ్యాన్ తిప్పు, ఛార్జర్ పెట్టే ఉంచు, స్లీప్‌లోకి పోకుండా సెట్టింగ్ మార్చు. ముందు జేజి పాటలు. తర్వాత పొలం కాగితాలు. తర్వాత నీ ప్రాజెక్టు, ఆ తర్వాత ఫోటోలు. సినిమాలు, సాఫ్ట్‌వేర్లు ముట్టుకోనే వద్దు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ చూసుకో, డౌన్‌లోడ్స్‌లో మనం మర్చిపోయినవి శానా ఉంటాయి. మొత్తం ఫోల్డర్ ఒకేసారి లాగొద్దు, చిన్న చిన్నగా తీసుకో, ఒక ఫైల్ దగ్గర ఆగిపోతే దాన్ని వదిలేసి ముందుకు పో, దానికోసం పదేపదే ప్రయత్నిస్తే మిగతావి కూడా పోతాయి.

ముఖ్యమైనవి వచ్చేసినాక, ఇంకా డిస్క్ ఊపిరి పీలుస్తా ఉంటే అప్పుడు ఉబుంటులో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ వాడాల. ఇది డిస్క్ మొత్తాన్నీ ఒకే పెద్ద ఇమేజ్‌గా కాపీ చేస్తాది, దీని మంచితనం ఏమంటే బాగున్న భాగాలన్నీ ముందు గబగబా తీసేసుకుంటాది, మొండికేసిన చోట దూకి పోయి చివర్లో మళ్లీ వస్తాది. ఎంత వచ్చింది ఎంత రాలేదు అని ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటాది, కరెంటు పోయినా మళ్లీ ఆగిన కాడి నుంచే మొదలుపెట్టొచ్చు. ఆ మ్యాప్ ఫైల్‌ని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోనే పెట్టు, ఉబుంటు డెస్క్‌టాప్ మీద పెడితే ఆఫ్ చేయంగానే మాయమైపోతాది. కమాండ్‌లో పాత డిస్క్ ముందు రాయాల, ఎక్కడికి పోవాలో అది తర్వాత, తారుమారైతే ఉన్నదే చెరిగిపోతాది, అందుకే ఎంటర్ కొట్టే ముందు నాకు వీడియో కాల్ చెయ్, ఎంత రాత్రైనా పర్వాలేదు. ఇమేజ్ వచ్చినాక పోయిన ఫోటోలను వెతికి తీసే ఫోటోరెక్ అనే సాఫ్ట్‌వేర్ వాడుదాం, పేర్లు రావు కానీ బొమ్మలు వస్తాయి, అది కూడా ఇమేజ్ మీదనే, డిస్క్ మీద కాదు.

కాపీ అయిందని సంబరపడి ఊరుకోవద్దు. ఫైల్ పేరు ఉంటాది, సైజు ఉంటాది, తెరిస్తే ఏమీ ఉండదు. జేజి పాటలు ప్రతి ఒక్కటీ చివరి దాకా ప్లే చేసి విను. మీ నాయన పాత పేజ్‌మేకర్ (పేజీలు దిద్దే సాఫ్ట్‌వేర్) ఫైళ్లకు అను అనే పాత తెలుగు ఫాంట్లు కూడా కాపీ చేసుకో, అవి లేకపోతే తెలుగంతా పిచ్చి గీతల్లా కనిపిస్తాది. ఆ తర్వాత అన్నిటికీ ఇంకో కాపీ, గూగుల్ డ్రైవ్‌లోనో మా ఇంట్లో ఇంకో డిస్క్‌లోనో. ఒకే ఎక్స్‌టర్నల్‌లో ఉంచితే మళ్లీ ఇదే కథ.

అప్పుడు పో షాపుకి. 2.5 ఇంచుల సాటా ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో నడిచే డిస్క్, వేయించుకో, విండోస్ కొత్తగా ఎక్కించమను, పాతదాన్ని ఉన్నదున్నట్టు కాపీ (క్లోన్) చేస్తామంటే వద్దను, పాడైన ఫైళ్లు కూడా వెంట వస్తాయి. ఎస్ఎస్‌డీ శానా వేగం, అయితే అది పోయేటప్పుడు ఒక్కోసారి శబ్దం, గుర్తు ఏమీ ఇయ్యకుండా పోతాది, డిలీట్ అయినవి వెనక్కి తేవడం కూడా దాదాపు కాదు. నెలకోసారి ఎక్స్‌టర్నల్‌కి కాపీ చేసే అలవాటు ఇప్పుడే పెట్టుకో.

పాత డిస్క్ షాపులో వదిలిపెట్టొద్దు, అడిగి వెనక్కి తీసుకో, దాంట్లో మన ఆధార్లు, పాస్‌బుక్కులు అన్నీ ఉన్నాయి. పండక్కి కర్నూలు వచ్చేటప్పుడు గుడ్డలో చుట్టి బ్యాగులో పెట్టుకొని నువ్వే తీసుకురా, బస్సు పార్శిల్‌లో వేయొద్దు, రాకుండా మిగిలిపోయిన ఫైళ్లు ఏమన్నా ఉంటే నా డెస్క్‌టాప్‌కి నేరుగా తగిలించి చూస్తా.

పెద్దనాయన