ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో డేటాబేస్ నుంచి ధరలు తెచ్చుకోవాలంటే పుస్తకానికో రిక్వెస్ట్ పంపొద్దు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పుస్తకాల జాబితా ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో ఉంది, ధరలేమో ఎగ్జిస్ట్-డీబీ అనే ఎక్స్‌ఎంఎల్ డేటాబేస్‌లో ఉన్నాయి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ (ఎక్స్‌ఎంఎల్‌ను వేరే రూపంలోకి మార్చే భాష) స్టైల్‌షీట్‌లో ప్రతి పుస్తకం దగ్గరా, బయటి ఎక్స్‌ఎంఎల్‌ను తెచ్చే డాక్ ఫంక్షన్‌తో డేటాబేస్ రెస్ట్ అడ్రస్‌కు, అంటే హెచ్‌టీటీపీ ద్వారా డేటా ఇచ్చే వెబ్ అడ్రస్‌కు వెళ్తున్నారు. ఫలితం వస్తోంది కానీ చాలా నెమ్మది, పైగా ఒక్క పుస్తకం దొరక్కపోయినా మొత్తం రన్ ఆగిపోతోంది.

ఒక ప్రచురణ సంస్థ క్యాటలాగ్ కోసం నేను అచ్చంగా ఇదే అమరికతో, స్టైల్‌షీట్‌లను నడిపే శాక్సన్ అనే ప్రోగ్రామ్ మీద కొన్నేళ్లు పనిచేశాను. మీరు ఎంచుకున్న దారి మంచిదే. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీకి డేటాబేస్ సంగతి తెలియదు. యూఆర్‌ఐ (అడ్రస్) ఇస్తే అక్కడి నుంచి ఎక్స్‌ఎంఎల్ తెచ్చుకుంటుంది, అంతే. 1999 నాటి 1.0లోనే డాక్యుమెంట్ ఫంక్షన్ ఉంది. 2007లో 2.0తో పాటు డాక్ వచ్చింది. ఆ అడ్రస్ వెనక మామూలు ఫైల్ ఉన్నా, అప్పటికప్పుడు జవాబు తయారుచేసే సర్వర్ ఉన్నా దానికి ఒకటే.

మార్చాల్సింది రిక్వెస్టుల సంఖ్య. పుస్తకానికో యూఆర్‌ఐ అంటే ప్రతిసారీ నెట్‌వర్క్ మీద వెళ్లి రావాలి, సర్వర్ క్వెరీ నడపాలి, ఇటు పార్సింగ్ జరగాలి. ఇంకొకటి కూడా ఉంది. ఒకే రన్‌లో ఒకే యూఆర్‌ఐని ఎన్నిసార్లు అడిగినా ఒకే డాక్యుమెంట్ రావాలన్నది స్పెసిఫికేషన్ నియమం. అందుకే శాక్సన్ తెచ్చిన ప్రతి డాక్యుమెంట్‌నీ మెమరీలో అట్టిపెట్టుకుంటుంది. జాబితా పెరిగేకొద్దీ మెమరీ కూడా నిండుతుంది.

కాబట్టి గ్లోబల్ వేరియబుల్ ఒకటి పెట్టి, కావలసిన ధరలన్నీ ఒకే క్వెరీతో ఒకేసారి తెచ్చుకోండి. ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) మీద కీ, అంటే వెతకడానికి సూచిక లాంటిది, డిక్లేర్ చేయండి. ప్రతి పుస్తకం దగ్గరా కీ ఫంక్షన్‌కు మూడో ఆర్గ్యుమెంట్‌గా ఆ వేరియబుల్ ఇస్తే చాలు. పుస్తకం దొరక్కపోతే ఖాళీ సీక్వెన్స్ వస్తుంది, రన్ ఆగదు. 1.0లో ఆ మూడో ఆర్గ్యుమెంట్ లేదు. అక్కడ ఫర్-ఈచ్‌తో ముందు ధరల డాక్యుమెంట్‌లోకి వెళ్లి, ఆ తర్వాత కీ వాడాలి. మా దగ్గర ఈ ఒక్క మార్పుతోనే, టీ తాగి వచ్చేదాకా నడిచే రన్ స్క్రీన్ ముందు కూర్చుని చూసేంతలో అయిపోయేది.

ఎగ్జిస్ట్-డీబీలో ఒకటి తప్పకుండా చూసుకోండి. అడ్రస్‌లో క్వెరీ రాసి పంపితే డిఫాల్ట్‌గా మొదటి 10 ఫలితాలే వస్తాయి. ఎర్రర్ రాదు, హెచ్చరిక కూడా ఉండదు. పదకొండో పుస్తకం నుంచి ధరలు కనిపించవు. _హౌమెనీ పారామీటర్‌లో మీకు కావలసిన సంఖ్య ఇవ్వాలి. ఫలితాల చుట్టూ అది తన నేమ్‌స్పేస్‌తో ఒక రిజల్ట్ ఎలిమెంట్ కూడా చుడుతుంది. వద్దనుకుంటే _వ్రాప్‌కు నో ఇవ్వండి. స్టైల్‌షీట్‌లో ఈ పారామీటర్ల మధ్య ఆంపర్‌సండ్‌ను ఎస్కేప్ చేసి రాయకపోతే ఫైల్ పార్స్ కూడా కాదు.

నా సలహా అడిగితే, క్వెరీని అడ్రస్‌లో అసలు రాయొద్దు. దాన్ని ఎక్స్‌క్వెరీ (ఎక్స్‌ఎంఎల్‌లో వెతికే క్వెరీ భాష) ఫైల్‌గా డేటాబేస్‌లోనే సేవ్ చేసి, పారామీటర్లు మాత్రం పంపండి. డాక్ పంపేది గెట్ రిక్వెస్ట్ కాబట్టి పొడవాటి క్వెరీలు అడ్రస్‌లో ఇమడవు. పైగా యూజర్ ఇచ్చిన విలువను క్వెరీ టెక్స్ట్‌లో అతికిస్తే ఇంజెక్షన్‌కు, అంటే ఎవరైనా తమ సొంత క్వెరీని చొప్పించడానికి, తలుపు తీసినట్టే.

తెలుగు పేర్లతో వెతకాల్సి వస్తే విలువను, అడ్రస్‌లో పట్టే రూపంలోకి మార్చే ఎన్‌కోడ్-ఫర్-యూఆర్‌ఐ ఫంక్షన్ గుండా పంపండి. ‘తెలుగు’ అన్న చిన్న మాటే యూటీఎఫ్-8లో 18 బైట్లు, అడ్రస్‌లో 54 అక్షరాలు అవుతుంది. అయినా పేరును కీగా వాడకండి. ఒకరు జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు) పెట్టి టైప్ చేస్తారు, ఇంకొకరు పెట్టరు. కంటికి ఒకేలా కనిపించే పేర్లు కూడా కలవవు. ఐఎస్‌బీఎన్‌తో ఆ టెన్షన్ లేదు, హైఫన్లు తీసేసి పోల్చుకుంటే సరిపోతుంది.

సర్వర్ పాస్‌వర్డ్ అడుగుతుంటే దాన్ని అడ్రస్‌లో పెట్టకండి. జావా దాన్ని తనంతట తాను వాడుకోదు, లాగ్‌లలో మాత్రం మిగిలిపోతుంది. యూఆర్‌ఐ రిజాల్వర్ (అడ్రస్ నుంచి డాక్యుమెంట్ తెచ్చే పనిని చూసుకునే చిన్న జావా కోడ్) రాసి, అందులో పాస్‌వర్డ్ పంపే హెడర్ జోడించండి. శాక్సన్ కాకుండా ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ-ప్రాక్ అనే మరో ప్రోగ్రామ్ వాడుతుంటే హెచ్‌టీటీపీఎస్ అడ్రస్‌లు దానితో తెరుచుకోవు. ముందే కర్ల్ అనే డౌన్‌లోడ్ టూల్‌తో ఫైల్‌గా దించుకుని ఇవ్వాలి.

సర్వరే పడిపోతే? ఎర్రర్ వచ్చినా రన్ ఆగకుండా చూసుకోవడానికి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 3.0లో ట్రై, క్యాచ్ ఉన్నాయి. కానీ ధరల విషయంలో నేను వాటిని వాడను. ధరల్లేని క్యాటలాగ్ ప్రెస్‌కు వెళ్లడం కన్నా రన్ ఆగిపోవడమే మంచిది. రచయిత పరిచయం లాంటి అదనపు సమాచారానికైతే నిశ్చింతగా వాడుకోండి.