నీ కథలో రివాల్వర్‌కి గొట్టం ఎంత పొడవు?

టి. నగర్, చెన్నై

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నవల మొత్తం చదివాను. బెంగళూరులో పగలంతా ఆఫీసు, పైన ఆ మారతహళ్ళి ట్రాఫిక్, అదంతా అయ్యాక రాత్రిళ్ళు కూర్చుని ఇంత రాయడం మాటలు కాదు. వడపళని సందుల్లో తెలుగూ తమిళమూ కలిపి మాట్లాడే మనుషుల్ని బాగా పట్టావు. రిటైరైన ఆ స్టంట్ మాస్టర్ అయితే మా వీధిలోనే ఎక్కడో ఉన్నట్టున్నాడు. చదువుతుంటే కాలికి అడ్డం పడింది ఒక్కటే, ఆయన దగ్గరున్న రివాల్వర్.

"పెద్ద క్యాలిబర్, అంటే గొట్టం లోపలి వెడల్పు ఎక్కువున్నదే, ఇచ్చాను మాస్టారూ, బారెల్ నాలుగంగుళాలు పెట్టనా, ఆరా, ఎనిమిదా? ఏది ఎక్కువ పవర్‌ఫుల్?" అని అడిగావు. పవర్ సంగతి తర్వాత చూద్దాం. నీ నవలలో ఆ రివాల్వర్ పేలేది రెండే రెండు సీన్లలో. మిగతా పేజీలన్నిట్లోనూ అది ఎక్కడో ఓ చోట ఉండాలి కదా. బొడ్డులోనా, బీరువాలోనా, గుడ్డసంచిలోనా? ముందు అది తేలితే పొడవు దానంతటదే తేలుతుంది.

మొదటి అధ్యాయంలో దాన్ని ఎనిమిదంగుళాల గొట్టమున్న పాయింట్ ఫార్టీఫోర్ మాగ్నం అన్నావు, అంటే మందు ఎక్కువ దట్టించిన పెద్ద తూటా పేల్చేది. నాలుగో అధ్యాయంలో మాస్టర్ దాన్నే లుంగీ మడతలో దోపుకుని ఆటో ఎక్కాడు. పదో అధ్యాయంలో చొక్కా జేబులోంచి తీశాడు. అంత గొట్టమున్న మాగ్నం పిడితో కలిపి అడుగుకి పైనే పొడవుంటుంది. బరువు కిలోన్నరకి కాస్త తక్కువ. లుంగీ ఊడిరావడం ఖాయం, చొక్కా జేబు మాట సరేసరి.

ఇంట్లో పార్సిల్ అట్టపెట్టె ఏదైనా ఉంటే ఒక పని చెయ్. తుపాకీ ఆకారంలో రెండు ముక్కలు కత్తిరించు. ఒకటి పదకొండున్నర అంగుళాలు, రెండోది తొమ్మిదిన్నర. ఆరంగుళాల గొట్టమున్న మాగ్నం, నాలుగంగుళాలది, మొత్తం పొడవు ఇంచుమించు అలా ఉంటాయి. ఒక్కొక్కటీ నడుం దగ్గర దోపుకుని కుర్చీలో కూర్చో. పొడవుది తొడ మొదట్లో గుచ్చుకుంటుంది, ముందుకి వంగలేవు. ఇప్పుడు గబుక్కున లాగు. కొస బయటపడేసరికి మోచెయ్యి చంక ఎత్తు దాటి వెనక్కి పోతుంది. ఆటోలో పక్కన ఇంకో మనిషి కూర్చుని ఉంటే ఆ మోచెయ్యి వాడి పక్కటెముకల్లో తగులుతుంది. నాలుగంగుళాల ముక్కకి ఈ బాధ చాలా తక్కువ. నీ ఆటో సీన్‌లో ఈ మోచెయ్యి ఒక్కటి పెట్టావంటే రెండు పేజీల వర్ణన మిగుల్తుంది.

ఇక పవర్. గొట్టం పొడవు పెరిగితే తూటా వేగం పెరుగుతుంది, నిజమే. తూటా వెనకున్న తుపాకిమందు మండి పుట్టిన వాయువు తూటాని ఇంకాస్త దూరం నెడుతుంది. మాగ్నంలో ఉజ్జాయింపుగా అంగుళానికి సెకనుకు 30 నుంచి 50 అడుగుల వేగం తోడవుతుందనుకో. అసలు వేగమే సెకనుకు 1,200 అడుగుల పైమాట కాబట్టి, నాలుగంగుళాల నుంచి ఆరుకి వెళ్తే నీ విలన్‌కి పెద్ద తేడా ఏమీ తెలియదు. పేల్చేవాడికే తెలుస్తుంది. పొట్టి గొట్టమైతే ముందువైపు బరువు తక్కువ, అందుకని చెయ్యి పైకి ఎగిరిపోతుంది. మందు పూర్తిగా కాలకముందే తూటా బయటపడుతుంది, మిగిలింది గాల్లో మండుతుంది. పెద్ద మంట, చెవులు గింగురుమనే మోత. మెరీనాలో నీ అర్ధరాత్రి సీన్‌లో మొదటి దెబ్బ తర్వాత ఆయనకి క్షణంపాటు ఏమీ కనబడకూడదు. నువ్వేమో రెండో దెబ్బ కూడా గురిచూసి కొట్టించావు.

పొడుగు గొట్టం వల్ల అసలు లాభం గురిలో ఉంది. గొట్టం మీద గురి చూసుకునే ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య ఎడం ఎంత ఎక్కువైతే, చేతి వణుకు వల్ల వచ్చే తప్పు అంత తగ్గుతుంది. అమెరికాలో రివాల్వర్‌తో జింకల వేటకి వెళ్ళేవాళ్ళు ఆరు, ఏడున్నర, ఎనిమిది అంగుళాలవి వాడేది అందుకే. అదే అలాస్కా అడవుల్లో ఎలుగుబంటి భయంతో నడుముకి కట్టుకునేవాళ్ళలో చాలామంది నాలుగంగుళాలు చాలంటారు. రోజంతా మోయాలిగా! ఫార్టీఫోర్ మాగ్నం పుట్టిందీ ఆ దేశంలోనే, 1955లో, స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ళ దగ్గర. ఆ తుపాకీకి అక్కడి అడవి ఉంది, అక్కడి వేట చట్టాలున్నాయి. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక క్రమంగా వేట ముచ్చటే పోయింది.

నీ సీన్లలో దూరాలు చూడు. ఒకటి గదిలో, ఒకటి ఇసుకలో నాలుగడుగుల ఎడంలో. 1967 జనవరి 12న ఇదే ఊళ్ళో, రామాపురం ఇంట్లో, నటుడు ఎం.ఆర్. రాధా ఎం.జి.ఆర్.ని కాల్చాడు. తర్వాత తనని తను కాల్చుకున్నాడు. చెయ్యి చాపితే అందేంత దగ్గర. అయినా ఇద్దరూ బతికారు. ఎం.జి.ఆర్. గొంతు మాత్రం మునుపటిలా లేకుండా పోయింది. అంత దగ్గర్లో గొట్టం పొడవు గురికి పనికొచ్చేది ఏమీ లేదు. తూటా తగిలిన మనిషి వెనక్కి ఎగిరిపడటం కూడా ఉండదు. అది తీగలు కట్టి లాగే స్టంట్ మాస్టర్ల పని. నీ హీరోకే తెలిసిన రహస్యం అది, ఆయన నోటితోనే చెప్పించు.

అసలు చెన్నైలో ఒక రిటైర్డ్ స్టంట్ మాస్టర్‌కి ఫార్టీఫోర్ మాగ్నం ఎక్కడిది? సాధారణ పౌరుల కోసం విదేశీ తుపాకుల దిగుమతి 1980ల మధ్యలోనే ఆగిపోయింది. లైసెన్సున్నవాడు మామూలుగా కొనుక్కునేది కాన్పూర్‌లో తయారయ్యే పాయింట్ థర్టీటూ రివాల్వర్. 2014లో వచ్చిన నిర్భీక్ అనే రివాల్వర్ కూడా అదే బోరు, అంటే అదే క్యాలిబర్, బరువు అరకిలో. మాస్టర్ తాత పటాలంలో చేశాడని మూడో అధ్యాయంలో నువ్వే రాసి వదిలేశావు. అక్కడే ఉంది నీ తుపాకీ. వెబ్లీ మార్క్ సిక్స్ రివాల్వర్, 1915లో బ్రిటిష్ సైన్యం తీసుకున్నది, పాయింట్ ఫోర్ ఫైవ్ ఫైవ్, గొట్టం ఆరంగుళాలు. 1947లో ఓడెక్కి పోతున్న దొర ఒకడు తాత చేతిలో పెట్టాడనుకో. చదివేవాడు నమ్ముతాడు.

దాని తూటా బరువైనది, నిదానం, సెకనుకు 600 అడుగుల చిల్లర. మాగ్నంలా గర్జించదు. నీకు కావలసిన పెద్ద క్యాలిబర్ మాత్రం దక్కుతుంది. పైగా టెన్షన్ ఉచితం. ఆ బోరు మన ఆయుధ నిబంధనల ప్రకారం నిషిద్ధం. మామూలు రివాల్వర్‌కైతే ఈ ఊళ్ళో పోలీసు కమిషనర్ లైసెన్సు ఇస్తాడు. నిషిద్ధ బోరుకి ఢిల్లీలో హోంశాఖ దాకా పోవాలి. తాత పోయాక ఎవరూ ఏ కాగితమూ పెట్టలేదు కాబట్టి అది బీరువాలో ఉన్నంతకాలమూ కేసే. ఎన్నికలొచ్చి లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పమని ఆర్డరేస్తే, పక్కింటాయన తన థర్టీటూ పట్టుకుని దర్జాగా వెళ్తుంటాడు, మన మాస్టర్ కిటికీలోంచి చూస్తూ ఉంటాడు. ఇంతకంటే మంచి అధ్యాయం నీ నవలలో ఇంకా లేదు. పదకొండు అంగుళాల పైచిలుకు వస్తువు కాబట్టి జేబులో వేయలేడు. షూటింగుల నాటి డమ్మీ తుపాకులున్న ట్రంకు పెట్టెలో, వాటి మధ్యనే పెట్టేయొచ్చు. మనవడు ఆడుకోవడానికి పెట్టె తెరిస్తే?

వీలైతే ఒకసారి చెన్నై రా. ఎగ్మూరులో పాత కమిషనర్ ఆఫీసు భవనంలో 2021లో పోలీసు మ్యూజియం తెరిచారు. పాత ఆయుధాల్ని అద్దం అవతల నుంచి చూడొచ్చు. ఫొటోలో చూస్తే పొడవు అందదు.

ఇంకో రెండు దిద్దుబాట్లు. పన్నెండో అధ్యాయంలో రివాల్వర్‌కి సైలెన్సర్ తగిలించావు, తీసెయ్. తూటాలుండే సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య కాగితం దూరేంత సందు ఉంటుంది. పేల్చినప్పుడు వేడి వాయువు, మోత ఆ పక్కనుంచే తన్నుకొస్తాయి, కొసన ఏం బిగించినా లాభం లేదు. రష్యావాళ్ళ 1895 నాటి నాగాంట్ ఒకటి ఉంది, దాని సిలిండర్ ముందుకి జరిగి ఆ సందు మూసేస్తుంది. అదొక మినహాయింపు, నీ కథకి అక్కర్లేదు. ఆ సందు దగ్గర వేలు పెడితే కాలుతుంది, తెగినా తెగొచ్చు. మెరీనాలో పెనుగులాటప్పుడు విలన్ రివాల్వర్‌ని మధ్యలో పట్టుకున్నాడు కదా, వాడి వేళ్ళ సంగతి అప్పుడేమవుతుందో రాయి.

రెండోది, అదే సీన్‌లో తూటాలు లెక్కపెట్టాను. ఏడు పేలాయి. వెబ్లీలో పట్టేవి ఆరు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు