మా వాడి మీద ప్రయోగమా డాక్టరమ్మా?

ప్రశ్న: నమస్తే డాక్టరమ్మా. మా బాబుకి 10 ఏళ్లు. నెఫ్రోటిక్ సిండ్రోమ్ (మూత్రంలో ప్రోటీన్ పోయి ఒళ్లు ఉబ్బే కిడ్నీ జబ్బు) అని నెల్లూరులో ఒక పెద్దాసుపత్రిలో చూపిస్తున్నాం. జలుబు చేసిందంటే చాలు, తెల్లారేసరికి మొహం ఉబ్బిపోతుంది, మళ్లీ స్టెరాయిడ్ మాత్రలు మొదలు. ఈసారి వెళ్తే, జబ్బు తిరగబెట్టినప్పుడు తక్కువ డోసు సరిపోతుందేమో చూసే స్టడీ ఉంది, మీ వాణ్ణి చేరుస్తారా అని అడిగారు. ఎవరికి ఏ డోసన్నది కంప్యూటర్ తేలుస్తుందట. 'మన బిడ్డ మీద ప్రయోగాలా' అని మా అత్తగారు ఒకటే గొడవ. వద్దంటే సరిగ్గా చూడరేమోనని మా ఆయన భయం. ఏం చేయమంటారు?
– ఓ తల్లి, వింజమూరు

జవాబు: ముందు మీ ఆయన భయం సంగతి తేలుద్దాం తల్లీ. మీరు వద్దన్నా మీ వాడి వైద్యంలో ఏ లోటూ రాకూడదు. చేరాక మధ్యలో మానుకున్నా అంతే. ఆ మాట మీకిచ్చే కాగితంలోనే రాసి ఉండాలి. లేకపోతే సంతకం పెట్టకండి.

అత్తగారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఈ జబ్బులోనే జరిగిన సంగతి ఆవిడకి చెప్పండి. మొదటిసారి వచ్చినప్పుడు స్టెరాయిడ్ ఎక్కువ నెలలు ఇస్తే మళ్లీ మళ్లీ రాదని చాలామంది డాక్టర్లు నమ్మేవారు. మన దేశంలోనే 5 ఆసుపత్రుల్లో 181 మంది పిల్లల్ని తీసుకుని ఆ నమ్మకాన్ని పరీక్షించారు. అందరికీ 3 నెలల మందు అయ్యాక, కొందరికి ఇంకో 3 నెలలు మాత్రలు, మిగతావాళ్లకి మందు లేని ఉత్తి మాత్రలు. ఏ బిడ్డకి ఏది వెళ్తోందో ఇచ్చే డాక్టరుకీ తెలియదు. 2015లో ఫలితం వచ్చింది: చెప్పుకోదగ్గ తేడా లేదు. స్టెరాయిడ్ తెచ్చే ఆ గుండ్రటి మొహం, ఆగని ఆకలి, ఆగిపోయే ఎదుగుదల, ఇంకో 3 నెలలు పిల్లలు ఊరికే పడక్కర్లేదని తేలింది. అంచనా మీద మందులిచ్చుకుంటూ పోతే ఇది ఎప్పటికి తెలిసేది?

ఇంకొకటి. తీవ్రమైన జ్వరంతో, చేతులూ కాళ్లూ చల్లబడి వచ్చిన పిల్లలకి గబగబా సెలైన్ ఎక్కించడం మంచిదని అందరం అనుకునేవాళ్లం. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో 3,141 మంది పిల్లలతో స్టడీ చేస్తే, అలా ఎక్కించిన వాళ్లలో రెండు రోజుల్లో నూటికి 10 మందికి పైగా పోయారు, ఎక్కించని వాళ్లలో 7 మంది. ఆ స్టడీని మధ్యలోనే ఆపేసి 2011లో ఫలితాలు ప్రకటించారు. (విరేచనాలతో నీరసించిన పిల్లల సంగతి వేరు, వాళ్లకి ద్రవాలు కావాల్సిందే.) ఆ లెక్క చదివిన రోజు నాకు అన్నం దిగలేదు.

అలాగని కళ్లు మూసుకుని చేర్చమనను. మీరు అడగాల్సిన అసలు ప్రశ్న ఒకటుంది: 'తక్కువ డోసు పడ్డ బిడ్డకి మూత్రంలో పోయే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎన్ని రోజుల్లో ఆగకపోతే మామూలు డోసుకి మారుస్తారు?' రోజుల లెక్క సూటిగా చెప్పారంటే ఆలోచించుకుని చేసినట్టే. నసిగితే ఇంటికొచ్చేయండి. రాత్రిపూట జ్వరమో కడుపునొప్పో వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, హాని జరిగితే ఖర్చెవరిది, వింజమూరు నుంచి అదనంగా రావాల్సొస్తే బస్సు ఛార్జీలు ఇస్తారా, ఇవీ అడగండి. పాల్గొనేవాళ్ల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, మన దేశంలో స్టడీలు నమోదు చేసే సీటీఆర్‌ఐ నంబరెంత అని కూడా. ఆ నంబరుంటే స్టడీ వివరాలు ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు.

చేరినా చేరకపోయినా మీ దగ్గరుండాల్సింది నోటుపుస్తకం. మా వార్డులో తల్లులు పొద్దున్నే టెస్ట్‌ట్యూబులో మూత్రం పట్టి, స్పిరిట్ దీపం మీద పైభాగం వేడి చేసేవాళ్లు. పైన తెల్లగా మబ్బు కట్టి, ఎసిటిక్ ఆసిడ్ చుక్క వేసినా కరిగిపోకుండా నిలిస్తే ఆల్బుమిన్ పోతున్నట్టు. ఇప్పుడు మూత్రంలో రంగు మారే స్ట్రిప్పు ముంచితే చాలు. తేదీ వేసి, ఆ రంగుని బట్టి నిల్, 1+, 2+ అని రాయండి. వరసగా మూడు రోజులు 3+ గానీ అంతకు మించి గానీ వస్తే జబ్బు తిరగబెట్టినట్టే. చదువు రాని తల్లులు కూడా గీతలు గీసి తెచ్చేవాళ్లు, వాటిని చూసే నేను డోసు మార్చేదాన్ని.

మీ ఉత్తరంలో ఒకరి మాట లేదమ్మా, బాబుది. 7 ఏళ్లు దాటిన బిడ్డని వాడికి అర్థమయ్యేలా చెప్పి అడగాలన్నది మన దేశంలో నియమం. 12 దాటితే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఇన్నాళ్లూ ఆ మాత్రలు మింగింది వాడు. అడిగి చూడండి.

ప్రశ్న: మా అమ్మాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది, 16 ఏళ్లు. రక్తహీనత మీద స్టడీ అని రక్తం తీసి ఏవో మాత్రలిస్తారట. వార్డెన్ సంతకం చాలంటున్నారు. చాలుతుందా మేడమ్?
– ఓ తండ్రి, సింగరాయకొండ

జవాబు: చాలదు. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టులో వార్డెన్లు, హెడ్మాస్టర్లే చాలామంది పిల్లల తరఫున సంతకాలు పెట్టారు. 2010లో ఆ ప్రాజెక్టును ఆపేశారు, తర్వాత పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే, మా మనవరాలికి నేనే వేయించాను. అడిగిన పద్ధతే తప్పు. మీ సంతకం కావాలి, అమ్మాయి సంతకం విడిగా కావాలి. కాగితం మీకు పంపమని రేపే ఫోన్ చేయండి. మాత్రలు మొదలుపెట్టేసి ఉంటే ఏం మాత్రలో పేరు, డోసు రాయించుకోండి.